తుమ్మ ముల్లు గుచ్చుకున్నాక గుర్తొచ్చినవి

మొన్న కనిగిరి దగ్గర మా ఊరెళ్ళి చెరువు కట్ట మీద ఫోన్ చూసుకుంటా నడుస్తుంటే నల్లతుమ్మ ముల్లు చెప్పు అడుగులోంచి పైకొచ్చి మడమలో దిగింది, రెండంగుళాలుంది, తెల్లగా సూదిలా, దాని జంట ముల్లు అదే కొమ్మకి ఇంకా అలానే ఉంది. కుంటుకుంటా ఇంటికొస్తే పెదనాయన పిన్నీసు కాల్చి పీకేసి జిల్లేడు పాలు పూశాడు. "నీ చెప్పులెంత మెత్తనయిరా అబ్బాయ్" అని నవ్వు ఒకటి.

ఇక మొదలెట్టాడు. బండి చక్రాలు, నాగలి, రోకలి అన్నీ ఈ చేవతోనే చేసేవాళ్ళంట, బెరడేమో తోళ్ళు ఊనేవాళ్ళు, అంటే పచ్చి తోలు పదును చేసేవాళ్ళు, పట్టకపోయేవాళ్ళంట. నాకు తెలిసింది మాత్రం బంకే, బెరడు మీద తేనె రంగులో గడ్డకట్టి ఉంటే గిల్లి తెచ్చి నీళ్ళలో నానబెట్టి గాలిపటాలకి అంటించేవాళ్ళం, సగం నోట్లోకే పోయేది లెండి. పొద్దున్నే పళ్ళకి తుమ్మ పుల్ల, వగరుకి నాలుక మొద్దుబారిపోయేది. మేకల కోసం దోటితో కొమ్మ లాగితే పూసలదండల్లాంటి కాయలు జలజలా రాలేవి.

ఇప్పుడు కట్టంతా సర్కారు తుమ్మే. అది 1877లో మన దేశానికి బయట్నుంచి తెచ్చింది, బొగ్గుకి బానే ఉంటది గానీ పక్కన ఇంకో మొక్కని బతకనివ్వదు. నల్లతుమ్మలు లెక్కపెడితే నాలుగే కనపడ్డాయి, అందులో ఒకటి నాకు గుచ్చింది!

మడమ ఇంకా సలుపుతానే ఉంది.