బాబాయ్ గారు విన్న టక్‌టక్ శబ్దం

గుంటూరులో ఒక ఆడిటర్ ఆఫీసుకి సర్వర్ పని నేనే చూస్తాను. లైనక్స్ పెట్టె. రెయిడ్ 1లో 4 టీబీ డిస్కులు రెండు, ఒకదాంట్లో రాసిందే రెండోదాంట్లోనూ ఉంటుంది. మే నెల, టీడీఎస్ రిటర్నులకి 31వ తేదీ గడువు. సరిగ్గా అప్పుడే ఫోన్లు మొదలయ్యాయి. ఫైలు తెరిస్తే కాసేపు బిగుసుకుపోయి, తర్వాత ఏమీ జరగనట్టే నడుస్తోందట. నేను నెట్‌వర్క్ స్విచ్ మార్చాను, కేబుళ్లు మార్చాను. నాలుగు రోజులు వృథాగా పోయాయి.

అయిదో రోజు, సర్వర్ ఉన్న బీరువా పక్కనే కూర్చునే పెద్ద అకౌంటెంట్ గారు పిలిచారు. ఆయన్ని నేను బాబాయ్ గారూ అనే అంటాను. "ఏమయ్యా, మా స్క్రీన్లు ఆగినప్పుడల్లా నీ పెట్టె టక్‌టక్‌మంటోంది, విన్నావా?" అన్నారు. బీరువా తలుపు తీసి చెవి ఆనించాను. సన్నగా టక్... టక్... ఒకే లయలో, పాతిక సెకన్ల దాకా. ఆ శబ్దం ఆగగానే వెనక టేబుల్ నుంచి "ఆ, వచ్చింది వచ్చింది" అన్నారెవరో. నాకు గుండె జారింది.

డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కల్ని స్మార్ట్ అంటారు. వాటిని చూపించే స్మార్ట్‌సీటీఎల్ కమాండ్ కొట్టి చూస్తే రెండో డిస్కుకి పైనే "పాస్డ్" అని ఉంది. ఆ ఒక్క మాట చూసి చాలామంది అక్కడితో ఆపేస్తారు. తయారీదారు పెట్టిన హద్దు దాటితే తప్ప ఆ మాట మారదు. అసలు సంగతి కింది అంకెల్లో ఉంటుంది. 197వ వరుస, అంటే చదవలేక పక్కన పెట్టిన సెక్టార్లు (డిస్కులోని చిన్న చిన్న గళ్లు): 24. 5వ వరుస, పాడై వేరే చోటికి మార్చినవి: 8. మర్నాడు పొద్దున చూస్తే ఈ 5వ వరుస అంకె 136 అయింది. అంకె చిన్నదైనా కదలకుండా ఉంటే కొంత ఓపిక పట్టొచ్చు. రోజురోజుకీ పెరుగుతోందంటే ఇక ఆగకూడదు. 199, అంటే దారిలో డేటా చెడిన సార్లు, ఒక్కటే పెరిగితే మాత్రం ముందు డిస్కుని పెట్టెకి కలిపే సాటా కేబుల్ చూసుకోవాలి.

లైనక్స్ తనకు తాను రాసుకునే కెర్నల్ లాగ్‌లో "రీడ్ ఎర్రర్ కరెక్టెడ్" (చదవడంలో తప్పు, సరిదిద్దాను) అనే వరుసలు పేజీలకి పేజీలున్నాయి. జరిగిందేమిటంటే, మామూలు డెస్క్‌టాప్ డిస్కు చదవలేని చోటు తగిలితే పట్టు వదలదు, మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. రెయిడ్ కోసం చేసినవి సాధారణంగా ఏడు సెకన్లకే చేతులెత్తేస్తాయి. మాది మొదటి రకం. అది వదిలేదాకా ఆఫీసంతా ఆగేది, తర్వాత రెయిడ్ మంచి డిస్కు నుంచి చదివి సర్దేసేది. అందుకే డేటా ఎక్కడా చెడలేదు, నాకు అనుమానమూ రాలేదు.

డిస్కు మొత్తాన్నీ చదివి చూసే లాంగ్ టెస్ట్ పెట్టాలని చెయ్యి లాగింది కానీ పెట్టలేదు. చావుబతుకుల్లో ఉన్న డిస్కుని పరుగెత్తించడం తప్పు. ముందు డేటా మొత్తం బయటి డిస్కులోకి కాపీ తీసి, పది ఫైళ్లు తెరిచి చూసుకున్నాను. తర్వాత పాతది పీకకుండానే కొత్త డిస్కుని ఖాళీ పోర్టుకి తగిలించి, లైనక్స్‌లో రెయిడ్‌ని నడిపే ఎండీఏడీఎంలో రీప్లేస్ కమాండ్ ఇచ్చాను. పాతది కొనఊపిరితో ఉన్నా సరే, పని పూర్తయ్యేదాకా రెండు కాపీలూ నిలిచే ఉంటాయి. రాత్రి తొమ్మిదికి మొదలుపెడితే తెల్లవారుజామున అయిదున్నరకి ముగిసింది. ఆ రాత్రంతా అక్కడే కుర్చీలో కూర్చున్నాను.

ఇప్పుడు ఆ అంకెల్ని ఎప్పుడూ కనిపెట్టుకుని ఉండే స్మార్ట్‌డీ పెట్టాను, 5, 197, 198 (సరిదిద్దలేని సెక్టార్లు) కదిలితే నా ఫోన్‌కి మెయిల్ వస్తుంది. దాన్నీ పూర్తిగా నమ్మను. లక్షకు పైగా డిస్కుల మీద గూగుల్ 2007లో వెలువరించిన అధ్యయనంలో, పాడైనవాటిలో సగానికి పైగా డిస్కులకి ముఖ్యమైన నాలుగు స్మార్ట్ సంకేతాల్లో ఒక్కటీ కనబడలేదు. అందుకని ప్రతి శుక్రవారం బ్యాకప్ నుంచి ఒక ఫైలు వెనక్కి తెచ్చి తెరుస్తున్నాను.

మిగిలిన డిస్కూ పాడైనదానితో పాటే, ఒకే రోజు, ఒకే కొట్లో కొన్నది. రిటర్నులన్నీ వెళ్లాక జూన్ మొదటి ఆదివారం దాన్నీ మార్చాను.