మోల్ట్కే జీవితాన్ని పట్టుకుని జర్మనీ ఏకీకరణ చదివాను

ఫ్రెండ్స్, సివిల్స్ మెయిన్స్‌లో హిస్టరీ ఆప్షనల్ తీసుకున్నవాళ్ల కోసం, జీఎస్-1లో ప్రపంచ చరిత్ర అంటేనే టెన్షన్ పడేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

రెండో అటెంప్ట్‌కి ముందు ఒక మాక్ టెస్టులో జర్మనీ ఏకీకరణలో, అంటే విడివిడిగా ఉన్న జర్మన్ రాజ్యాలు 1871లో ఒకే దేశం కావడంలో, దాన్ని ముందుండి నడిపిన ప్రష్యా రాజ్యపు సైన్యం పాత్ర మీద 15 మార్కుల ప్రశ్న వచ్చింది. బాగా తెలిసిన టాపిక్ కదా అని ఆపకుండా రాసేశాను. ప్రష్యా ప్రధాని బిస్మార్క్ రక్తం-ఉక్కు ప్రసంగం, ఫ్రాన్స్‌తో యుద్ధానికి దారితీసిన ఎమ్స్ టెలిగ్రాం, డెన్మార్క్, ఆస్ట్రియా, ఫ్రాన్స్‌లతో జరిగిన మూడు యుద్ధాల తేదీలు, అన్నీ పెట్టాను. 4 మార్కులు వచ్చాయి. మార్జిన్‌లో ఎర్ర ఇంకుతో "సైన్యం ఎక్కడ?" అని రాసి ఉంది. ఇంటికొచ్చి మళ్లీ చదువుకుంటే నిజమే, ఏ పేరా చూసినా బిస్మార్కే. యుద్ధాలు గెలిచారని రాశాను గానీ ఎలా గెలిచారో ఒక్క వాక్యం కూడా లేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాటి నుంచి నోట్సు పక్కన పెట్టి, ప్రష్యా జనరల్ స్టాఫ్‌ని (యుద్ధ పథకాలు వేసే ఆఫీసర్ల బృందాన్ని) 30 ఏళ్లు నడిపిన హెల్ముట్ ఫాన్ మోల్ట్కే జీవితం మొదటి నుంచి చదివాను. నాలుగు రోజులు పట్టింది. నా ప్రిపరేషన్‌లో అంత ఫలితం ఇచ్చిన నాలుగు రోజులు ఇంకోటి లేవు.

ఆయన పుట్టింది 1800లో, మెక్లెన్‌బర్గ్‌లోని పార్కిమ్ అనే ఊళ్లో. వంశం పెద్దదే కానీ చేతిలో డబ్బు లేదు. కోపెన్‌హాగన్‌లో కేడెట్‌గా పెరిగి డెన్మార్క్ సైన్యంలో ఉద్యోగం మొదలుపెట్టాడు. 1822లో ప్రష్యాకి మారాడు. బెర్లిన్ వార్ స్కూల్లో ఆయన చదివేనాటికి డైరెక్టర్ యుద్ధ సిద్ధాంతకర్త క్లాజ్‌విట్జ్. జీతం చాలక, గుర్రం కొనుక్కోవడానికి ఒక పెద్ద ఇంగ్లీషు చరిత్ర గ్రంథాన్ని జర్మన్‌లోకి అనువదించే పని ఒప్పుకున్నాడు. ఏడాదిన్నరలో 12 సంపుటాల్లో 9 పూర్తి చేస్తే, ప్రచురణకర్త అసలు పుస్తకమే వేయలేదు. ఇది పరీక్షలో ఎవరూ అడగరు. కానీ ఈ సంగతి చదివాక ఆయన పేరు నాకు మళ్లీ మరుపు రాలేదు.

1835లో ఇస్తాంబుల్ వెళ్లి ఒట్టోమన్ సుల్తాన్ రెండో మహమూద్ సైన్యానికి సలహాదారుగా పనిచేశాడు. 1839 జూన్‌లో నిజిబ్ దగ్గర ఈజిప్టు సేనలతో యుద్ధం. వెనక్కి తగ్గి మంచి చోట నిలబడదామని చెబితే సేనాపతి వినలేదు. సైన్యం చెల్లాచెదురైంది. "తూర్పు సమస్య" (బలహీనపడుతున్న ఒట్టోమన్ సామ్రాజ్యం ఏమవుతుందన్న పేచీ) టాపిక్‌లో ఈజిప్టు పాలకుడు మెహమెత్ అలీ గురించి చదివేటప్పుడు ఇదే యుద్ధం మళ్లీ ఎదురవుతుంది, రెండూ కలిపి చదువుకోండి.

ఇక రైళ్లు. నా జవాబు మారింది ఇక్కడే, అందుకే కొంచెం వివరంగా చెప్తాను. జర్మనీలో పట్టాలు అప్పుడప్పుడే పడుతున్న రోజుల్లో మోల్ట్కే హాంబర్గ్-బెర్లిన్ రైల్వే కంపెనీ డైరెక్టర్లలో ఒకడు. రైలు మార్గాలు ఎలా ఎంచుకోవాలో 1843లో వ్యాసం కూడా రాశాడు. 1857లో జనరల్ స్టాఫ్ పగ్గాలు చేతికొచ్చేసరికి ఆయనకి 57 ఏళ్లు. అప్పటిదాకా యుద్ధరంగంలో పెద్ద దళాన్ని నడిపింది లేదు. వచ్చాక సైన్యం కదలికలన్నీ రైళ్ల టైంటేబుల్ మీద ముందే లెక్క కట్టించడం మొదలుపెట్టాడు.

1866లో ఆస్ట్రియాతో యుద్ధం వచ్చినప్పుడు సైన్యాన్ని తరలించడానికి ప్రష్యాకి ఐదు రైలు మార్గాలు, ఆస్ట్రియాకి ఒక్కటే. మొత్తం సైన్యాన్ని ఒకేచోట దింపితే పట్టాలు చాలవు, తిండీ చాలదు. అందుకని 400 కిలోమీటర్లకు పైగా సరిహద్దు పొడవునా దళాలను విడివిడిగా దింపి, ఆస్ట్రియా ఏలుబడిలోని బొహీమియాలో శత్రువు ముందు కలిసేలా పథకం వేశాడు. విడిగా నడవాలి, కలిసి కొట్టాలి. జూలై 3న కోనిగ్‌గ్రాట్జ్ దగ్గర పరీక్ష ఎదురైంది. ప్రష్యా యువరాజు నడుపుతున్న సెకండ్ ఆర్మీకి టెలిగ్రాఫ్ పనిచేయక, రాత్రికి రాత్రి ఆఫీసర్లు గుర్రాల మీద ఆదేశం పట్టుకెళ్లారు. ఆ సైన్యం మధ్యాహ్నానికి ఆస్ట్రియన్ల పక్క మీద వచ్చి పడింది. ఒక్క రోజులో ఆస్ట్రియా వైపు 40 వేల మందికి పైగా నష్టం, అందులో సగం దాకా బందీలే. ఆ రోజు మోల్ట్కే పేరు మీద ఆదేశం అందుకున్న ఒక డివిజన్ కమాండర్ "ఈ జనరల్ మోల్ట్కే ఎవరు?" అని అడిగాడని చెప్తారు.

ఈ ఘట్టాన్ని చార్ట్ పేపర్ మీద గీశాను. ఐదు రైలు గీతలు నీలంలో, మూడు సైన్యాలు ఎరుపులో, ఎదురుగా ఒకే ఒక్క నల్ల గీత. మంచం ఎదురు గోడకి అంటించాను. మా అమ్మ లోపలికి వచ్చినప్పుడల్లా "ఏ ఊరికి దారిరా ఇది?" అనేది. ఆమెకి అర్థమయ్యేలా చెప్పగలిగిన రోజున నాకు టాపిక్ వచ్చేసిందని ధైర్యం కలిగింది.

ఇది పట్టుబడితే 1870లో ఫ్రాన్స్‌తో జరిగిన యుద్ధం సంగతి తేలికే. దాదాపు 3.8 లక్షల మందిని ఫ్రాన్స్ సరిహద్దుకి చేర్చారు. సెప్టెంబర్ 2న సెడాన్‌లో ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్ లొంగిపోయాడు, అక్టోబర్ 27న మెట్జ్ కోట పడింది. పారిస్ ముట్టడిలో బిస్మార్క్‌కీ మోల్ట్కేకీ గొడవ. ఫిరంగులతో త్వరగా కొట్టాలని బిస్మార్క్, వద్దని మోల్ట్కే. రాజకీయానికీ సైన్యానికీ మధ్య పగ్గాలు ఎవరివన్న ఆ పేచీని జవాబులో రెండు వాక్యాల్లో పెట్టండి, విశ్లేషణ కిందకి వస్తుంది. అలాగే మోల్ట్కేని ఆకాశానికెత్తకండి. ఫ్రాన్స్ నుంచి అల్సేస్-లొరైన్ ప్రాంతాన్ని తీసుకోవడాన్ని గట్టిగా సమర్థించిన వాళ్లలో ఆయనా ఉన్నాడు. ఫ్రాన్స్ పగ అక్కడే రగిలింది.

మొదటి ప్రపంచ యుద్ధం కారణాలకి కూడా ఈయన పనికొస్తాడు. 1890 మే 14న, 89 ఏళ్ల వయసులో రైష్‌టాగ్‌లో (జర్మన్ పార్లమెంటులో) మాట్లాడుతూ, రాజుల మంత్రివర్గాలు చేసే యుద్ధాల కాలం పోయిందని, ఇక వచ్చేది ప్రజల యుద్ధమని, అది ఏడేళ్లు సాగొచ్చు, ముప్పై ఏళ్లూ సాగొచ్చని హెచ్చరించాడు. 1891 మార్చిలో చివరి ప్రసంగం, దేశమంతా ఒకే గడియారం టైం ఉండాలని. రైళ్లు నడవాలంటే అది తప్పదని ఆయన వాదన. ఏప్రిల్ 24న చనిపోయాడు, ఆ ఒకే టైం చట్టం 1893లో వచ్చింది.

మూడో అటెంప్ట్‌కి ముందు అదే ప్రశ్న మళ్లీ ఇంట్లో టైం పెట్టుకుని రాశాను. బిస్మార్క్ ఒక పేరా, యుద్ధ మంత్రి రూన్ చేసిన సైనిక సంస్కరణలూ, ప్రష్యా సైనికుల నీడిల్ గన్ తుపాకీ ఒక పేరా, మోల్ట్కే రైళ్లూ స్టాఫ్ వ్యవస్థా ఒక పేరా, మధ్యలో చిన్న మ్యాప్. నాతో చదివే అన్నయ్య ఒకాయన దిద్ది 8 ఇచ్చాడు. మ్యాప్ గీయడానికి నాకు పట్టింది నిమిషంన్నర. మొదటిసారి గీసినప్పుడు ఇరవై నిమిషాలు పట్టింది, కాబట్టి మీకూ మొదట్లో ఆలస్యమైతే కంగారు పడకండి, రోజుకొకసారి చొప్పున వారం గీయండి.