బ్యాటరీ మార్చినా స్టార్ట్ కాని పికప్: నా అనుభవం

మదనపల్లె మార్కెట్ నుంచి చెన్నైకి టమోటా క్రేట్లు తోలే పికప్ బండి నాది. మూడేళ్ల క్రితం సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. పాత బీఎస్-3 (పొగ నిబంధనల పాత దశ) బండి కావడం వల్ల డీజిల్ పంపు, యాక్సిలరేటర్ కేబుల్ అన్నీ పాత పద్ధతిలోనే ఉంటాయి. స్కానర్ పెట్టి తప్పేమిటో చదివే వీలు లేదు. కిందటి డిసెంబరులో ఒక తెల్లవారుజామున లోడు ఎత్తించి, తాళ్లు బిగించి, తాళంచెవి తిప్పితే ఇంజనును తిప్పి స్టార్ట్ చేసే సెల్ఫ్ మోటార్ ‘టక్’మని ఒక్క చప్పుడు చేసి ఊరుకుంది. డ్యాష్‌బోర్డు లైట్లు వెలుగుతున్నాయి, హారన్ మోగుతోంది, ఇంజను మాత్రం తిరగలేదు.

పక్కనే సరుకు దించుతున్న ట్రాక్టరు వాళ్లు సాయానికి వచ్చారు. ఒక లారీ డ్రైవరు కూడా తన బ్యాటరీ నుంచి కరెంటు ఇస్తానన్నాడు గానీ, లారీలో రెండు బ్యాటరీలు కలిసి 24 వోల్టులు ఉంటాయి కాబట్టి దాన్ని 12 వోల్టుల బండికి తగిలించడానికి నేను ఒప్పుకోలేదు. ట్రాక్టరు బ్యాటరీ నుంచి ఎర్ర కేబుల్‌ను నా బ్యాటరీ ప్లస్‌కు, నల్ల కేబుల్‌ను ఇంజను మీదున్న ఇనుప కొక్కేనికి తగిలించాను. బ్యాటరీ నుంచి వచ్చే హైడ్రోజన్ వాయువు దగ్గర నిప్పురవ్వ లేవకూడదని నల్ల కేబుల్‌ను ఎప్పుడూ అలా దూరంగానే పట్టించాలని నేర్చుకున్నవాణ్ణి. తాళంచెవి తిప్పగానే ఇంజను అందుకుంది. చూసినవాళ్లంతా బ్యాటరీ పోయిందని తేల్చేశారు, నేను కూడా అదే అనుకున్నాను. మమ్మల్ని పక్కదారి పట్టించింది ఆ నల్ల కేబులేనని తెలియడానికి నెల రోజులకు పైగా పట్టింది.

చెన్నై నుంచి తిరిగి రాగానే కొత్త బ్యాటరీ వేయించాను. పన్నెండు రోజులు బాగానే నడిచి, పదమూడో రోజు చలిలో మళ్లీ అదే ‘టక్’. ఈసారి డైనమో చార్జింగ్ సరిగా లేదన్నారు. బ్రష్షులు, రెగ్యులేటర్ మార్పించాను, ఫ్యాన్ బెల్టు కూడా కొత్తది వేశారు. ఇంకో వారం గడిచింది. ఈ మధ్యలో బండి తన బాధ తాను చెబుతూనే ఉంది, వినిపించుకోనిది నేనే. రాత్రిపూట హెడ్‌లైట్లు వేస్తే ఇంజను వేడి చూపించే ముల్లు పైకి జరిగేది, ఆర్పితే దిగేది. రేడియేటర్ నీళ్లలో ఏ తేడా లేదు. ఒకసారి నాలుగైదు సార్లు వరసగా సెల్ఫ్ కొట్టాక బానెట్ ఎత్తి చూస్తే యాక్సిలరేటర్ కేబుల్ చేతికి వేడిగా తగిలింది. ఇంజను పక్కనే ఉంది కదా, వేడెక్కి ఉంటుందిలే అనుకున్నాను. ఇంజను ఇంకా స్టార్టే కాలేదన్న సంగతి ఆలోచించలేదు.

మూడోసారి ఆగిపోయినప్పుడు అందరూ సెల్ఫ్ మోటార్ మార్చమన్నారు. డబ్బు లేక కాదు గానీ, మొండితనం వచ్చి, ఊళ్లోనే పాత బస్సుల వైరింగ్ చేసే ఒక ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి బండిని తోయించుకుని వెళ్లాను. ఆయన ఒక్క నట్టు కూడా విప్పకుండా మీటరు తీశాడు. బ్యాటరీ రెండు టెర్మినళ్ల మధ్య 12.5 వోల్టులు చూపించింది. తర్వాత ఇంజను స్టార్ట్ కాకుండా డీజిల్ సోలినాయిడ్ (ఇంజనుకు డీజిల్‌ను వదిలే, ఆపే కరెంటు వాల్వు) వైరు పీకి, ‘ఇప్పుడు కొట్టన్నా’ అన్నాడు. సెల్ఫ్ ఈడ్చుకుంటూ తిరుగుతుండగా టెర్మినళ్ల దగ్గర 10.6 నిలిచింది. బ్యాటరీ బలహీనపడి ఉంటే ఈ అంకె 9.6 కంటే కిందికి దిగేదని, కాబట్టి బ్యాటరీ మీద నేరం మోపడం అన్యాయమని చెప్పాడు.

అప్పుడు మీటరు ఎర్ర వైరును ఇంజను దిమ్మెకు, నల్ల వైరును బ్యాటరీ మైనస్‌కు ఆనించి మళ్లీ కొట్టమన్నాడు. ఆ రెండూ ఒకే ఎర్త్ (కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే ఇనుప దారి) కదా, సున్నా చూపించాలి కదా అని నేను చూస్తుంటే 1.8 వోల్టులు చూపించింది. ‘భాయ్, మీటరు తప్పు చూపిస్తోందేమో’ అన్నాను. ఆయన నవ్వి, బ్యాటరీ మైనస్ నుంచి చాసిస్ వరకు కొలిచాడు, 0.1 వచ్చింది. చాసిస్ నుంచి ఇంజనుకు కొలిస్తే మిగతా 1.7 అక్కడే తేలింది. ఆ రెండింటినీ కలిపేది గేర్‌బాక్సు దగ్గర ఉండే అల్లిక రాగి పట్టీ ఒక్కటే.

కింద పడుకుని చూశాము. అంతకు ముందు క్లచ్ ప్లేటు పని చేయించినప్పుడు విప్పిన పట్టీ బోల్టు సగమే బిగించి ఉంది. దాని కింద పెయింటూ తుప్పూ కలిసి అట్టకట్టాయి, పట్టీ పోగుల్లో సగం పచ్చబడి తెగిపోయాయి. సెల్ఫ్ తిరిగేటప్పుడు సుమారు 180 ఆంపియర్ల కరెంటు పోతుంది. అంత కరెంటుకు ఓమ్‌లో నూరో వంతు అడ్డు తగిలినా 1.8 వోల్టులు అక్కడే ఆవిరైపోతాయి. మీటరును ఓమ్‌ల మీద పెట్టి ఈ తప్పును పట్టుకోలేము, ఎందుకంటే మీటరు వైర్ల అడ్డే అంతకంటే ఎక్కువ ఉంటుంది. కరెంటు పారుతుండగా వోల్టులు కొలిస్తేనే బయటపడుతుంది.

అన్ని చిక్కులూ ఆ ఒక్క పట్టీతో విడిపోయాయి. ట్రాక్టరు నల్ల కేబుల్‌ను ఇంజను కొక్కేనికి తగిలించినప్పుడు కరెంటు ఆ చెడిన పట్టీతో పని లేకుండా నేరుగా వెనక్కి వెళ్లింది, అందుకే ఇంజను అందుకుంది. దారి దొరకని కరెంటు యాక్సిలరేటర్ కేబుల్ గుండా పోవడం వల్ల అది వేడెక్కింది. డైనమో కూడా ఇంజను మీదే ఉంటుంది కాబట్టి దాని చార్జింగ్ పూర్తిగా బ్యాటరీకి అందలేదు. కొత్త బ్యాటరీ రోజురోజుకూ కొంచెం కొంచెంగా నీరసపడింది. తుప్పును ఎమరీ కాగితంతో మెరిసేదాకా గీకి కొత్త పట్టీ బిగించాక ఆ 1.8 కాస్తా 0.15 అయింది. పట్టీకి, పనికి కలిపి ఆయన తీసుకున్నది నాలుగు వందల యాభై రూపాయలు. అంతకు ముందు నేను పెట్టిన ఖర్చు ఇక్కడ రాయడం ఇష్టం లేదు.

ఫిబ్రవరిలో వచ్చిన ఇంకో తప్పును నేనే పట్టుకోగలిగాను. చెన్నై నుంచి ఖాళీగా వస్తూ మొగిలి ఘాట్ ఎక్కుతుంటే బండి బలం చచ్చిపోయింది. సైలెన్సర్ నుంచి నల్లపొగ రాలేదు. గాలి తక్కువై ఉంటే నల్లపొగ రావాలి, అది లేదంటే డీజిలే అందడం లేదని అర్థం. డీజిల్‌లోని నీళ్లను వేరుచేసే సెడిమెంటర్ అడుగున నీళ్లు వదిలి, ఫిల్టర్ మార్చాను. అయినా మర్నాటికి మళ్లీ అంతే. డీజిల్ దారిలోని గాలిని వదిలే ఎయిర్ స్క్రూ వదులు చేసి హ్యాండ్ పంపు నొక్కితే నురుగు ఆగకుండా వస్తోంది. పైపు జాయింట్లలో పాత రాగి వాషర్లనే మళ్లీ వేశాను, గాలి లాగుతున్నది అక్కడే. కొత్త వాషర్లు వేశాక నాలుగు నొక్కులకు నురుగు పోయి శుభ్రమైన డీజిల్ వచ్చింది.

ఇప్పుడు బ్రేకు తొక్కితే వెనక కుడి ఇండికేటర్ కూడా మసకగా వెలుగుతోంది. పిండిపోయిన టమోటాల నీరు క్రేట్ల నుంచి కారి టెయిల్ ల్యాంపు ఎర్త్ బోల్టు మీద పడుతుందని నాకు తెలుసు. ఆదివారం మీటరు పట్టుకుని అక్కడి నుంచే మొదలుపెట్టాలనుకుంటున్నాను.