ముక్కు పనిచేయని రోజుల్లో చారు

2021 మేలో, సెకండ్ వేవ్‌లో, నాకు కోవిడ్ వచ్చింది. జ్వరం, దగ్గు త్వరగానే తగ్గాయి కానీ వాసన పూర్తిగా పోయింది. పోపు మాడి వంటిల్లంతా పొగ కమ్మినా, కళ్ళు మండేదాకా నాకు తెలియలేదు.

నాలుకకు ఉప్పు, పులుపు, తీపి, చేదు తెలుస్తూనే ఉన్నాయి. మిరపకాయ మంట కూడా తెలిసేది, అది నొప్పిని మోసే నరం పని కాబట్టి. ధనియాలు, జీలకర్ర, ఇంగువ, కరివేపాకు మాత్రం ముక్కుకు తెలియాల్సినవి. నా చారు నాకు పుల్లటి వేడినీళ్ళే.

వైరస్ ఎక్కువగా దెబ్బతీసేది వాసన నరాలకు ఆసరాగా ఉండే కణాలనని, అవి మళ్ళీ పుడతాయని ఈఎన్‌టీ డాక్టరు గారు ధైర్యం చెప్పారు. గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి తైలం రోజూ రెండు పూటలా, ఒక్కోటీ ఇరవై సెకన్ల దాకా, నెలల తరబడి వాసన చూడమన్నారు.

మరి ఈలోగా వంట? అత్తయ్యది చేతి కొలత. ఆవిడ గుప్పిట్లోది బాణలిలో పడకముందే చిన్న డిజిటల్ కాటా మీద పెట్టిన గిన్నెలో వేయమన్నాను. "బంగారమా ఏంటమ్మా ఇలా తూచడానికి?" అంటూనే అన్నీ వేశారు. ధనియాలు 100 గ్రాములు, కందిపప్పు 25, మిరియాలు 20, జీలకర్ర 20, ఎండుమిరపకాయలు 10. ఇదీ మా ఇంటి చారుపొడి. నలుగురి చారుకి 8 గ్రాములు.

చెంచాలు నాకు పనికిరాలేదు. అప్పుడే దంచిన పొడి గుల్లగా ఉంటుంది, డబ్బాలో కొన్నాళ్ళుంటే దిగుతుంది. చెంచా అదే, బరువు వేరు. కల్లుప్పు చెంచాడు మెత్తటి ఉప్పు చెంచాడంత తూగదు. వాసన, రుచి చూసి సర్దుకోగలిగేవాళ్ళకి ఇదేమీ పెద్ద విషయం కాదు, నాకు ఆ వీలు లేదు. అన్నిటికన్నా కష్టం ఇంగువ. పావు గ్రాము దగ్గర కాటా అంకె నిలవదు. అందుకే ఒక గ్రాము తూచి, స్టీలు పళ్ళెంలో పలచగా పరిచి, కత్తి మొనతో నాలుగు భాగాలు చేసేదాన్ని. ముద్ద ఇంగువ ఘాటు వేరు, పిండి కలిపిన డబ్బా ఇంగువ ఘాటు వేరు. వాడింది ఏదో కూడా రాసుకోవాలి.

తర్వాత వాసనలు వచ్చాయి, అవీ తప్పుగా. వేగే ఉల్లిపాయ కుళ్ళు కంపు, కాఫీ కాలిన రబ్బరు. కోలుకునే దారిలో ఇలా జరుగుతుందని డాక్టరు గారు చెప్పినా ఏడుపొచ్చేది. ఆ రోజుల్లోనే మావారు చారు రెండోసారి వడ్డించుకుని "ఇది అమ్మ పెట్టిందా?" అని అడిగారు. నేను పెట్టిందే, వాసన తెలియకుండానే. ఎంత సంతోషపడ్డానో చెప్పలేను.

ముందు లవంగం తెలిసింది, చాలా కాలానికి కరివేపాకు. ఇప్పుడు దాదాపు అన్నీ తెలుస్తున్నాయి, వెల్లుల్లి తప్ప. అందుకే వెల్లుల్లి కారం మాత్రం ఇప్పటికీ తూచే చేస్తాను, రుచి అత్తయ్య చూస్తారు.