కనుమ లోపు బండి కదలాలి

భోగికి ఆరు రోజుల ముందు నేను ఊరు చేరేసరికి నాన్న స్ప్లెండర్ కొబ్బరి కొట్టులో గోనెపట్టా కప్పుకుని ఉంది. ఆగస్టులో కంటి శుక్లాల ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆయన దాన్ని బయటికి తీయలేదు. "కనుమ నాడు జగ్గన్నతోట దీని మీదే వెళదాంరా" అన్నారు. అక్కడ జరిగే ప్రభల తీర్థానికి, అంటే రంగురంగుల ప్రభలను ఊరేగించే జాతరకు, ఏటా ఆయన వెళ్లేది ఆ బండి మీదే.

1997లో కొన్న బండి అది. మాది పి.గన్నవరం దగ్గర లంక గ్రామం. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు, ఇంట్లో బీరువా సంగతి కూడా చూడకుండా నాన్న ముందుగా దీన్నే ఏటిగట్టు ఎక్కించారు. వరద నీరు దీన్ని తాకలేదు. ఈ మాట ఇక్కడే ఎందుకు చెబుతున్నానో ముందుకు వెళితే తెలుస్తుంది.

ఇరవై సార్లు కిక్కు కొట్టాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. కిక్కు రాడ్డు మాత్రం బరువుగానే దిగుతోంది. ప్లగ్గు విప్పి ఆ రంధ్రం మీద బొటనవేలు అదిమిపెట్టి నాన్నను కిక్కు కొట్టమన్నాను. గాలి నా వేలిని గట్టిగా తోసేసింది. ఇంజిన్‌లో కంప్రెషన్ (గాలిని నొక్కే బలం) ఉందంటే నాకు సగం ధైర్యం వచ్చినట్లే. ఇక చూడవలసింది పెట్రోలు, నిప్పురవ్వ.

పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్ అడుగున ఉండే స్క్రూ వదులు చేసి, అందులోని పెట్రోలును స్టీలు గ్లాసులోకి దింపాను. డికాషన్ రంగులో ఉంది. పాత వార్నిష్ వాసన వేస్తోంది. గ్లాసు అడుగున రెండు మూడు నీటి బొట్లు పూసల్లా దొర్లుతున్నాయి. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలుస్తోంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మా డెల్టాలో వర్షాకాలమంతా ట్యాంకులో నిలవ ఉన్న పెట్రోలు ఇలా కావడం వింతేమీ కాదు. ట్యాంకు ఖాళీ చేసి, కార్బురేటర్ విప్పి కడిగాను. అందులో పెట్రోలు వెళ్లే సన్నని రంధ్రం ఉన్న చిన్న భాగం, పైలట్ జెట్, పూర్తిగా మూసుకుపోయింది. విద్యుత్ తీగలోంచి లాగిన ఒక్క రాగి పోగుతో దాన్ని శుభ్రం చేశాను. దయచేసి ఉక్కు తీగ, గుండుసూది వాడవద్దు, జెట్ రంధ్రం పెద్దదైతే ఇక ఆ జెట్ పనికిరాదు. ఎండకు ఎదురుగా పట్టుకుంటే సూదిమొనంత వెలుగు కనిపించింది. కొత్త పెట్రోలు పోశాను.

అయినా బండి కదలలేదు.

ప్లగ్గు రుద్ది, 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్ల మధ్య సందు సరిచేసి, క్యాపులో పెట్టి ఇంజిన్ లోహానికి ఆనించాను. ఈ పరీక్షకు ముందు కారిన పెట్రోలు తుడిచేయాలి, ప్లగ్గును దాని రంధ్రానికి దూరంగా ఉంచాలి. కిక్కు కొడితే రవ్వ రాలేదు. బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది, కానీ ఈ పాత బండికి అది అడ్డు కాదు. ఇగ్నిషన్‌కు కరెంటు ఇంజిన్ తిరిగినప్పుడు దాన్ని పుట్టించే మాగ్నెట్ కాయిల్ నుంచే వస్తుంది, బ్యాటరీ లేకపోయినా స్టార్ట్ కావాలి.

తెలిసిన మెకానిక్‌ను ఇంటికి పిలిచాను. "వరదలో నానిన బండి కదండీ, సీడీఐ పోయి ఉంటుంది" అన్నారు. రవ్వ పుట్టించడాన్ని నడిపే చిన్న ఎలక్ట్రానిక్ పెట్టె అది. నానలేదని చెప్పినా ఆయన మాటనే నమ్మి కొత్త సీడీఐ తెచ్చాను. ఫలితం లేదు. ప్లగ్గుకు అధిక వోల్టేజీ అందించే హెచ్‌టీ కాయిల్ మార్చాను. అదీ అంతే. పరీక్షించకుండా సామాను కొన్నందుకు డబ్బు పోయిందని కాదు, పండుగ ముందు రెండు రోజులు పోయాయని చాలా బాధపడ్డాను.

ఆ రాత్రి వైరింగ్ బొమ్మ ముందు పెట్టుకుని కూర్చున్నాను. తాళం ఆపివేసినప్పుడు నలుపు మీద తెల్లచార ఉన్న తీగ ఎర్తుకు, అంటే బండి లోహపు చట్రానికి (ఛాసిస్) కలుస్తుంది, దానితో సీడీఐ పని ఆగుతుంది. ఆ తీగ దారిలో ఎక్కడైనా ఛాసిస్‌కు తగిలితే, తాళం తిప్పినా బండి ఆపి ఉందనే సీడీఐ అనుకుంటుంది. మరి ఇన్ని రోజులూ నేను ఆ తీగను చూడనే లేదు.

తెల్లవారగానే సీడీఐ కప్లర్‌లోంచి (తీగలు కలిపే క్లిప్పు) ఆ ఒక్క తీగ పిన్నును బయటికి లాగి కిక్కు కొట్టాను. నీలిరంగు రవ్వ టక్కుమని దూకింది! పాత సీడీఐ, పాత కాయిల్ మళ్లీ బిగించి చూశాను, అప్పుడూ వచ్చింది. అంటే ఆ రెండూ బాగానే ఉన్నాయి. పిన్ను తిరిగి కలిపి, ఈసారి హెడ్‌లైట్ డోములో తాళం కప్లర్ ఊడదీశాను. రవ్వ లేదు. తాళం విడదీసినా తీగ ఎర్తుకు తగులుతూనే ఉంది, కాబట్టి దోషం తాళంలో కాదు. సీడీఐకీ తాళానికీ మధ్య ఉన్న తీగలో ఉంది.

అప్పటివరకు అరుగు మీద కూర్చుని చూస్తున్న నాన్న లేచి వచ్చి, హ్యాండిల్ పట్టుకుని నెమ్మదిగా కుడివైపు తిప్పారు. "ఇప్పుడు కొట్టు." రవ్వ వచ్చింది. ఎడమకు తిప్పారు. పోయింది. "కొట్టులో పెట్టినప్పుడు ఎడమకు తిప్పి తాళం వేశాను, నెలల తరబడి అలాగే ఉంది" అన్నారు. హ్యాండిల్ మెడ దగ్గర, తీగల కట్ట మలుపు తిరిగే చోట, టేపు విప్పితే కనిపించింది. బియ్యపు గింజంత మేర తీగ తొడుగు అరిగిపోయి, లోపలి రాగి ఆకుపచ్చగా చిలుము పట్టి ఉంది. దానికి ఎదురుగా ఛాసిస్ అంచు మీద పెయింటు లేచిపోయి లోహం మెరుస్తోంది.

చిలుము గీకి, స్లీవు ఎక్కించి, టేపు చుట్టి, కట్టను అంచుకు తగలకుండా పక్కకు కట్టాను. చోక్ వేసి కొట్టిన మూడో కిక్కుకు బండి అందుకుంది. యాక్సిలరేటర్ పెంచితే మాత్రం గుక్కపట్టి ఆగిపోతోంది. ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిస్తే, ఎలుక కొబ్బరి పీచుతో కట్టుకున్న గూడు బయటపడింది. అది తీసి కొత్త ఫిల్టర్ వేయడం పది నిమిషాల పని.

కనుమ నాడు వెనుక కూర్చుంటానంటే నాన్న ఒప్పుకోలేదు, తానే నడుపుతానన్నారు. డాక్టరు ఎప్పుడో అనుమతి ఇచ్చారట. అంబాజీపేట దాటాక దారి పొడవునా జనం, దూరాన కొబ్బరి చెట్ల పైన రంగురంగుల ప్రభలు. జగ్గన్నతోటకు కాస్త ఇవతల, ఒక తోటలో బండి నిలిపి, తాళం ఆపే ముందు నాన్న హ్యాండిల్‌ను ఎడమకు చివరిదాకా తిప్పి చెవి ఒగ్గారు. ఇంజిన్ అదే లయలో కొట్టుకుంటోంది. ఇంకోసారి తిప్పి చూసి, అప్పుడు తాళం తీశారు.