గ్యాస్ తక్కువన్నారు, నిజంగా తక్కువైంది గాలి

మేముండేది నిజాంపేట్‌లో, నాలుగో అంతస్తు, బెడ్‌రూమ్ గోడకి సాయంత్రం ఆరు దాకా పడమటెండ. ఆ గదిలో 2018లో పెట్టించిన ఒకటిన్నర టన్ను స్ప్లిట్ ఏసీ ఉంది, ఇన్వర్టర్ కాదు, మామూలుదే. ఏప్రిల్ చివర్లో మొదలైంది బాధ. రాత్రి పదింటికి వేస్తే ఒంటిగంట దాకా బానే ఉండేది, తర్వాత గాలి సన్నబడుతూ వచ్చేది, లోపల్నుంచి చిటపటమని శబ్దం, తెల్లారుజామున ఆపామంటే యూనిట్ కిందనుంచి నీళ్ళు ధారగా అత్తయ్య మంచం మీద పడేవి. ఆవిడకి 74 ఏళ్ళు, బీపీ ఉంది, ఉక్కపోస్తే రాత్రంతా కూర్చునే ఉంటారు. ఆ కారు చీకట్లో ఆవిడ తడిసిన దుప్పటి పట్టుకుని నిలబడటం చూస్తే నాకు కడుపు తరుక్కుపోయింది.

ముందు మూత ఎత్తి చూస్తే కాయిల్, అంటే గాలిని చల్లబరిచే పైపులూ రేకులూ, మొత్తం తెల్లగా మంచు, డీప్ ఫ్రీజర్ గోడలా ఉంది. ఫిల్టర్లు నేను 15 రోజులకోసారి కడుగుతాను, అవి శుభ్రంగానే ఉన్నాయి. మెకానిక్‌ని పిలిచాం. మంచు అలా ఉండగానే బయట యూనిట్‌కి గ్యాస్ ప్రెషర్ చూపించే గేజ్ పెట్టి, 85 పీఎస్ఐ (ప్రెషర్ కొలత) చూపిస్తోంది మేడమ్, గ్యాస్ తక్కువైంది అని చెప్పి ఇరవై నిమిషాల్లో నింపేసి 2,500 తీసుకెళ్ళాడు. నాలుగు రోజులు బాగుంది. ఐదో రాత్రి మళ్ళీ మంచు, పైగా ఈసారి మధ్యాహ్నాలు బయట యూనిట్‌లో గ్యాస్‌ని నొక్కి తిప్పే కంప్రెసర్ అదురుతూ ఆగిపోవడం. ఫోన్ చేస్తే లీక్ ఉండుంటది, ఇంకోసారి నింపుదాం అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఏసీలో గ్యాస్ పెట్రోల్ లాగా ఖర్చయ్యేది కాదు కదా, మూసి ఉన్న పైపుల్లో అదే తిరుగుతూ ఉంటుంది, తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే, మరి ఆ కారేచోటు వెతకకుండా నింపితే ఏం లాభం అని అడిగితే జవాబు రాలేదు.

ఆ రాత్రి నేనే పట్టుపట్టి గమనించాను. గ్యాస్ తక్కువైతే మామూలుగా కాయిల్‌లో గ్యాస్ లోపలికొచ్చే వైపు, ఒక మూలన ముందు మంచు పడుతుంది, బయట సన్న పైపు మీద కూడా తెల్లగా కనిపిస్తుంది, పైపులు కలిసే నట్ల దగ్గర నూనె జిడ్డు ఉండొచ్చు. మాకు అవేం లేవు, కాయిల్ అంతా ఒకేసారి తెల్లబడుతోంది. హాల్లో అదే మోడల్ ఇంకోటుంది, రెండింటి ముందూ టిష్యూ పేపర్ పట్టుకుని చూశాను. హాల్లో పేపర్ రెపరెపలాడి చేతిలోంచి ఎగిరిపోతోంది, బెడ్‌రూమ్‌లో ఫ్యాన్ ఫుల్‌లో పెట్టినా ఊగుతోంది అంతే. శబ్దం మాత్రం రెండిట్లో ఒకటే, అందుకే ఇన్నాళ్ళూ అనుమానం రాలేదు. ఎంసీబీ ఆపేసి, గాలి వచ్చే రెక్కల మధ్యనుంచి ఫోన్ టార్చ్ వేసి చూస్తే లోపల గుండ్రంగా ఉండే బ్లోయర్ రెక్కలన్నిట్లో బూడిదరంగు దుమ్ము గట్టిగా పేరుకుని ఉంది. ఆ రెక్కలు వంపుగా ఉంటాయి, ఆ వంపే గాలిని పట్టి తోసేది, అది నిండిపోయాక ఎంత వేగంగా తిరిగినా గాలి రాదు.

మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ చెప్పిన ఒక పెద్దాయన వచ్చారు. రాగానే గేజ్ తియ్యలేదు. "మంచు ఉన్నప్పుడు గేజ్ పెడితే అది అబద్ధం చెప్తదమ్మా, ముందు కరగనియ్" అని కూలింగ్ ఆపేసి ఉట్టి ఫ్యాన్ మోడ్‌లో పెట్టించారు, నాలుగు గంటలు పట్టింది. చాకుతోనో స్పూన్‌తోనో మంచు గీకొద్దు, రేకులు వంగిపోతాయి, పైపుకి చిల్లు పడిందంటే ఇక కాయిలే మార్చాలి అని గట్టిగా చెప్పారు. ఆ నాలుగు గంటల్లో నాకు విషయం మొత్తం అర్థమైంది. గదిలో వేడి గాలి కాయిల్‌కి తగలాలి, అప్పుడు కాయిల్ 5, 10 డిగ్రీల మధ్య ఉంటుంది. గాలి తగ్గితే వేడి అందదు, లోపల ప్రెషర్ పడిపోయి కాయిల్ సున్నా కిందికి వెళ్తుంది, రేకుల మీది తేమ గడ్డకడుతుంది, ఆ గడ్డ ఉన్న గాలిని కూడా ఆపేస్తుంది. మాది ఆర్-32 గ్యాస్, దానికి గేజ్ మీద 103 పీఎస్ఐ అంటే కాయిల్ సున్నా డిగ్రీల దగ్గర ఉన్నట్టు, అంతకంటే తగ్గితే సున్నా కిందే, కాబట్టి మంచు కట్టిన కాయిల్‌కి 85 చూపించడంలో వింతేం లేదు. మొదటాయన అది చూసి గ్యాస్ తక్కువనుకుని పైన పోశాడు. మేము 18 డిగ్రీల్లో పెట్టి, అత్తయ్యకి చలి అని ఫ్యాన్ తక్కువ స్పీడ్‌లో ఉంచడం కూడా దీనికి తోడైంది.

బ్లోయర్ ఊడదీసి బాత్రూమ్‌లో కడిగితే నల్లటి జిగురు నీళ్ళు. ఉట్టి దుమ్ము కాదమ్మా, అగరబత్తి పొగ అన్నారాయన. ఆ గదిలోనే ఏసీ కింద దేవుడి అర ఉంది, పొద్దున సాయంత్రం అత్తయ్య అగరబత్తి వెలిగిస్తారు, ఆ పొగ జిడ్డుకి రోడ్డు మీది దుమ్ము అంటుకుంటూ ఏళ్ళ తరబడి పేరుకుంది. ఏటా సర్వీసింగ్ చేయిస్తూనే ఉన్నాం, కానీ ప్రతిసారీ ముందువైపు కాయిల్ మీద నీళ్ళు కొట్టి వెళ్ళారు తప్ప బ్లోయర్ ఎవరూ ముట్టుకోలేదు, నాకు అడగాలని తెలియలేదు.

బిగించి కూలింగ్ వేశాక గేజ్ 170 చూపించింది, కరెంట్ 9.1 ఆంపియర్లు లాగుతోంది. ఎక్కువ పోసిన గ్యాస్ అది, మధ్యాహ్నం కంప్రెసర్ ఆగిపోయింది అందుకే. ఆర్-32కి మంట అంటుకునే గుణం కొంచెం ఉంటుందని దీపం, అగరబత్తి ఆర్పించి, గ్యాసంతా రికవరీ మెషిన్‌తో సిలిండర్‌లోకి లాగి తూచారు. బయట యూనిట్ ప్లేట్ మీద రాసింది 780 గ్రాములు, బయటికొచ్చింది కిలో దాటింది. నైట్రోజన్ నింపి సబ్బు నురగతో జాయింట్లన్నీ చూశారు, ఎక్కడా బుడగ రాలేదు. తర్వాత వ్యాక్యూమ్ పెట్టి, అంటే పైపుల్లోని గాలీ తేమా పంపుతో లాగేసి, కాటా మీద సిలిండర్ ఉంచి సరిగ్గా 780 ఎక్కించారు. ఈసారి గేజ్ 132 పీఎస్ఐ, కరెంట్ 7.3 ఆంపియర్లు.

ఇప్పుడు 25లో పెట్టి ఫ్యాన్ మీడియంలో ఉంచుతున్నాం. దేవుడి అర హాల్లోకి, కిటికీ పక్కకి మార్చుదామా అని అత్తయ్యని భయపడుతూనే అడిగాను. మంచిరోజు చూసి ఆవిడే విగ్రహాలు ఎత్తుకుని వచ్చి పెట్టుకున్నారు. మూడు వారాలైంది, రాత్రి రెండింటికి నాకు ఇంకా మెలకువ వస్తోంది, లేచి మంచం మీద చెయ్యి పెట్టి చూస్తున్నాను, పొడిగానే ఉంటోంది, అత్తయ్య నిద్రలోనే ఉంటున్నారు.