ఏటి బాబూ, ఏటి పారేసుకున్నావు?

నేను మెడికల్ రెప్‌ని. విజయనగరం నుంచి చీపురుపల్లి, రాజాం మీదుగా శ్రీకాకుళం దాకా నా టెరిటరీ. మధ్యాహ్నం డాక్టర్ల ఓపీ అయిపోతే మళ్ళీ సాయంత్రం దాకా పని ఉండదు. తోటి రెప్‌లు ఆ టైములో టీ కొట్టు దగ్గర కూచుని టార్గెట్ల గురించి ఏడుస్తారు. నేను రాళ్ళు ఏరుకోవడానికి బండిని గరివిడి వైపు తిప్పుతాను. శాంపిల్ బ్యాగు అడుగున ఒక చిన్న సుత్తి, భూతద్దం, బాత్రూం టైలు ముక్క, పాత పేపర్లు ఎప్పుడూ ఉంటాయి.

గరివిడి, గర్భాం, కోడూరు చుట్టుపక్కల మాంగనీస్ తవ్వకాలు 1890ల నాటివి. మన దేశంలో మాంగనీస్ తవ్వడం మొదలైందే ఇటువైపు. పని నడుస్తున్న గనిలోకి నేను వెళ్ళను, నీళ్ళు నిండిన పాత గోతుల అంచుకి అసలే పోను. నాకు కావలసింది బయట పారబోసిన డంపులు. కాపలా మనిషిని అడిగితే సాధారణంగా ఓ నవ్వు నవ్వి పొమ్మంటాడు. మొదటి వానలు పడ్డాక వెళ్ళడం మంచిది. ఎండాకాలంలో అన్ని రాళ్ళూ ఒకే రంగు దుమ్ము కప్పుకుని ఉంటాయి. ఒక్క గట్టి వాన పడితే చాలు, ఏది ఏదో కాస్త తెలుస్తుంది.

నల్లగా ఉన్నదంతా ఒకటే అనుకుంటారు గానీ కాదు. పైరోలుసైట్ అనే మాంగనీస్ ఖనిజాన్ని పట్టుకుంటే వేళ్ళు మసి అయిపోతాయి, ఆ చేత్తో తెల్లచొక్కా ముట్టుకుంటే ఇంక అంతే సంగతులు. సైలోమెలేన్ కూడా మాంగనీసే, కానీ గట్టిది, బరువుగా ఉంటుంది. కొన్ని ముక్కల మీద ద్రాక్షగుత్తిలా నున్నటి బుడిపెలు ఉంటాయి. టైలు వెనకవైపు, మెరుపు లేని గరుకు భాగం మీద గీసి చూడాలి. నలుపో గోధుమ కలిసిన నలుపో గీత పడితే సంతోషం. ఎర్రగా పడిందంటే అది హెమటైట్, ఇనుము బాపతు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది మాత్రం కోడూరైట్. కోడూరు పేరు మీదే లీ ఫెర్మర్ అనే జియోలాజికల్ సర్వే ఆయన ఈ శిలకి ఆ పేరు పెట్టాడు. భారతదేశపు మాంగనీస్ గురించి ఆయన రాసిన పెద్ద నివేదిక 1909లో అచ్చయింది. ఈ శిలలో ఉండే ఖనిజాలు ముఖ్యంగా పొటాష్ ఫెల్డ్‌స్పార్, మాంగనీస్ ఉన్న గార్నెట్, ఆపటైట్. ఫెల్డ్‌స్పార్ చాలాచోట్ల కుళ్ళిపోయి తెల్లటి మట్టయిపోయింది, అదే మన అదృష్టం. పిడికెడంత ముక్కని బకెట్లో నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా రుద్దుతుంటే నీళ్ళు పాలలా మారతాయి, కింద ముదురు గోధుమరంగు గార్నెట్ గింజలు మిగులుతాయి. వాటిని ఎండకి అడ్డం పెట్టి భూతద్దంలో చూస్తే పల్చటి అంచుల దగ్గర నారింజ రంగు. నా దగ్గరున్న ముక్కలో ఒక గింజకి చదునైన ముఖాలు కూడా కనిపిస్తాయి. గార్నెట్‌ని సుత్తితో కొట్టకూడదు, అడ్డదిడ్డంగా పగిలిపోతుంది. చుట్టూ ఉన్న మట్టిని తీసుకుంటూ పోవాలంతే. ఓపిక లేనివాళ్ళు ఈ పనికి రారు, ఆ మాటకొస్తే మెడికల్ రెప్ పనికీ రారు.

ఇలా తలవంచుకుని తిరుగుతుంటే మేకలు తోలుకొచ్చిన ఒక మామ్మ చాలాసేపు చూసి అడిగింది, "ఏటి బాబూ, ఏటి పారేసుకున్నావు?" అని.

"ఏం లేదు మామ్మా, రాళ్ళు చూస్తున్నాను."

"రాళ్ళకేటి కరువొచ్చింది నాయనా? మా పొలం కాడికి రా, బండెడు అట్టుకెళ్ళు."

అని ఊరుకోలేదు, గెడ్డ ఒడ్డున మెరిసే రాళ్ళున్నాయంటూ దారి చూపించింది. వెళ్తే పలుగురాయిలో ఇరుక్కున్న కాకిబంగారం. రేకుల్ని గోటితో లేపితే ఒక్కొక్కటే పొరలుగా వచ్చింది. గొప్ప నమూనా కాదు గానీ నా అరలో దానికీ చోటుంది, చీటీ మీద మామ్మ సంగతి కూడా రాశాను.

చీటీ లేని రాయి నా దృష్టిలో షోకేసు బొమ్మే. పుణె వైపు నుంచి వచ్చిందని చెప్పి అమ్మితే ఆన్‌లైన్‌లో ఒక పచ్చటి అపోఫిలైట్ స్ఫటికం కొన్నాను. ఇంటికొచ్చిన వాళ్ళందరూ ముందు దాన్నే చూస్తారు. ఏ క్వారీదో, ఎవరు తీశారో, పక్కన ఇంకేం దొరికాయో అడిగితే నా దగ్గర జవాబు లేదు. గరివిడి మసిరాయి గురించి అడగండి, అరగంట చెప్తాను. చీటీలో ముందు ఊరు రాస్తాను, జిల్లా తర్వాత. ఎందుకంటే కోడూరు బ్రిటిష్ వాళ్ళ కాలంలో విశాఖపట్నం జిల్లా, 1950 తర్వాత శ్రీకాకుళం, 1979 నుంచి విజయనగరం. సాలూరు అయితే 2022లో పార్వతీపురం మన్యంలోకి వెళ్ళిపోయింది. రాయి కదలకపోయినా చిరునామా మారుతూనే ఉంది.

సాలూరు దాటి ఘాట్ ఎక్కితే రోడ్డు కోసిన చోట్ల ఖోండలైట్ ఉంటుంది. గార్నెట్, సిల్లిమనైట్, గ్రాఫైట్ ఉండే శిల, మన తూర్పు కనుమల్లో ఎక్కడ చూసినా ఇదే. తుప్పు రంగు రాయిలో గ్రాఫైట్ రేకులు తగిలితే కాగితం మీద పెన్సిల్ గీతే పడుతుంది. మలుపుల దగ్గర మాత్రం బండి ఆపకండి, లారీలు ఎలా దిగుతాయో అటు వెళ్ళినవాళ్ళకి తెలుసు.

ఆ కొండల గార్నెటే కళింగపట్నం ఇసకలోనూ దొరుకుతుంది. కనుమలు అరిగి, వాగులూ వంశధారా మోసుకొచ్చి సముద్రంలో పోస్తే, అలలు తేలికపాటి పలుగు ఇసకని వెనక్కి లాక్కుని బరువైన గింజల్ని ఒడ్డున వదిలేస్తాయి. సముద్రం బాగా పోటెత్తిన తర్వాత వెళ్తే నల్లటి, ఎర్రటి చారలు పట్టి ఉంటాయి. అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి తిప్పితే మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం ఎగిరొచ్చి అతుక్కుంటుంది. ఇల్మనైట్ అనే టైటానియం ఖనిజానికి గట్టి అయస్కాంతం కావాలి. ఎర్రగా మిగిలేది గార్నెట్. అందులోనే పసుపు గింజలుగా మోనజైట్ ఉంటుంది, దాన్లో రేడియోధార్మికత ఉన్న థోరియం ఉంటుంది, కాబట్టి సంచుల్లో ఇంటికి మోసుకొచ్చే సరుకు కాదిది. నాకు హోమియో సీసాలో పట్టే చిటికెడు చాలు.

కోడూరైట్‌లో ఆపటైట్ ఉండాలని పుస్తకం చెప్తోంది, నా ముక్కల్లో మాత్రం కంటికి ఆనలేదు. వచ్చే వారం రాజాం కాల్స్ ఉన్నాయి, మొన్న బాగా వాన కూడా పడింది. ఆ దారిలో గర్భాం డంపు మళ్ళీ చూడాలి.